చవితికి విత్తనం, దీపావళికి ఎరువు: అమెరికాలో ఇంటి లాన్‌ని ఫాల్‌లో ఎలా చూసుకోవాలి

ఆగస్టు చివరికి వచ్చేసరికి నాకు తెలిసిన తెలుగువాళ్లందరూ ఒకటే అడుగుతారు. "ఎండలకు లాన్ మచ్చలు మచ్చలుగా పోయింది, ఏం చేయమంటారు?" సమాధానం చెప్పేలోపే చాలామంది "సరేలే, స్ప్రింగ్‌లో చూసుకుందాం" అనేస్తారు. ఆ మాట అనకండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, ఇల్లినాయ్, మిషిగన్ లాంటి చోట్ల గడ్డి వేయడానికి మంచి కాలం ఫాలే. నేలలో వేసవి వేడి ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి విత్తనం త్వరగా మొలుస్తుంది. గాలి చల్లబడుతుంది కాబట్టి మొలక మాడిపోదు. కలుపు జోరు కూడా తగ్గుతుంది. స్ప్రింగ్‌లో వేస్తే ఆ పక్కనే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు మొలుస్తుంది, వేరు దిగేలోపే జులై ఎండలు వచ్చేస్తాయి.

నేను న్యూజెర్సీలో ఉంటాను. కింద చెప్పే తేదీలు ఇక్కడివి. మిషిగన్, మిన్నెసోటా వైపు ఉంటే రెండు వారాలు ముందే మొదలుపెట్టండి. గుర్తుండటానికి నేను మన పండగలనే లెక్కగా పెట్టుకున్నాను: వినాయక చవితి అటూ ఇటూగా విత్తనం, దసరా రోజుల్లో కొత్త గడ్డికి మొదటి కోత, దీపావళి అటూ ఇటూగా ఏడాదికి చివరి ఎరువు. పండగ ఒక్కో ఏడాది ముందూ వెనకా అవుతుంది కాబట్టి అసలు తేదీలు కూడా రాస్తున్నాను.

ముందు మీ గడ్డి ఏదో చూసుకోండి

చలి రాష్ట్రాల్లో ఉండేవి కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రై. ఈ వ్యాసం వాటి గురించే.

డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్నవాళ్లు ఇవేవీ చేయొద్దు. మీ లాన్‌లో ఎక్కువగా ఉండేది బెర్ముడా లేదా సెయింట్ అగస్టీన్. బెర్ముడా అంటే మన గరికే, వేరే గడ్డి కాదు. అది వేసవిలో పెరిగి చలికి నిద్రపోతుంది. మీకు ఫాల్‌లో ఉన్న పని తక్కువ: సెప్టెంబరులో శీతాకాలపు కలుపు మొలవకుండా ప్రీ-ఎమర్జెంట్ మందు వేయడం, ఫాల్ ముదిరాక నత్రజని ఎరువు ఆపేయడం, నీళ్లు తగ్గించడం. సెయింట్ అగస్టీన్‌లో గుండ్రటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తే అది ఎక్కువగా తేమ వల్ల వచ్చే బూజు తెగులు. నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పట్టారో, మచ్చ పెద్దదవుతుంది.

గరిక మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. చవితి పూజకు లాన్‌లోంచి గరిక కోసేవాళ్లుంటారు. ఆ సీజన్‌లో కలుపు మందుగానీ పురుగు మందుగానీ వేసిన లాన్‌లోంచి కోయకండి, పిల్లలు చేత్తో పట్టుకుంటారు. మా వైపు లాన్‌లో గరికలా కనిపించేది చాలాసార్లు క్రాబ్‌గ్రాసే.

కావలసినవి

- టేపు, కాగితం, పొడవాటి స్క్రూడ్రైవర్
- మట్టి పరీక్ష కిట్ (మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్, అంటే తోట, వ్యవసాయ సలహాలిచ్చే ఆఫీసు ద్వారా. న్యూజెర్సీలో అయితే రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబ్ ఉంది)
- మోవర్, ఇనుప పళ్ల రేక్, ఆకుల రేక్
- కోర్ ఏరేటర్ (నేల గుల్ల చేసే యంత్రం), ఒక పూటకు అద్దెకు
- స్ప్రెడర్ (విత్తనం, ఎరువు చల్లేది). చిన్న లాన్ అయితే చేత్తో తిప్పేది చాలు
- మంచి విత్తనం, స్టార్టర్ ఎరువు (కొత్త గడ్డికి వేసేది), పీట్ మాస్ (తడి నిలిపే ఎండు నాచు)
- హోస్‌కి తగిలించే టైమర్. ఆఫీసుకి వెళ్లేవాళ్లకు ఇది లేకపోతే పని జరగదు

1. లాన్ ఎంతో కొలవండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాగితాల మీద లాట్ సైజు పావు ఎకరం, అంటే 10,890 చదరపు అడుగులు అని ఉంటుంది. మన లెక్కలో 25 సెంట్లు, 1,210 గజాలు. కానీ అదంతా గడ్డి కాదు. ఇంటి కింద 1,800, డ్రైవ్‌వే 1,000, డెక్, నడక దారి, పూల మొక్కలు కలిపి ఇంకో 1,500 తీసేస్తే మిగిలేది దాదాపు 6,500. విత్తనం, ఎరువు, సున్నం అన్నీ "వెయ్యి చదరపు అడుగులకు ఇంత" అని ఉంటాయి. లాట్ సైజు పట్టుకుని ఎరువు వేస్తే ఒకటిన్నర రెట్లు పైగా పడి గడ్డి మాడుతుంది. ముందు భాగం, వెనక భాగం, పక్కలు వేరువేరుగా కొలిచి గరాజ్ గోడ మీద రాసి పెట్టుకోండి. మళ్లీ కొలవక్కర్లేదు.

2. మట్టి పరీక్ష, పురుగు పరీక్ష (ఆగస్టు)

పది చోట్ల 4 నుంచి 6 అంగుళాల లోతు మట్టి తీసి, గడ్డీ వేళ్లూ ఏరేసి, ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి అందులోంచి కొంచెం ల్యాబ్‌కి పంపండి. రిపోర్టులో మీరు ముందుగా చూడాల్సింది పీహెచ్. 6 నుంచి 7 మధ్య ఉంటే చాలు. తక్కువ ఉంటే సున్నం వేయమని, ఎంత వేయాలో కూడా చెబుతారు. ఒక్కసారికి వెయ్యి అడుగులకు 50 పౌండ్లు దాటకండి. ఎక్కువ కావాలంటే సగం ఇప్పుడు, సగం స్ప్రింగ్‌లో. పరీక్ష లేకుండా "పక్కింటాయన వేశాడు" అని సున్నం వేయొద్దు. పీహెచ్ పైకి పోతే కిందికి తేవడం చాలా కష్టం.

పురుగు సంగతి: గడ్డి ఎండిన చోట గుప్పిటతో పట్టి లాగండి. కార్పెట్‌లా చుట్ట చుట్టుకుని లేస్తే వేళ్లను గ్రబ్స్ అనే పురుగులు తినేశాయని అర్థం. అనుమానం ఉంటే ఒక అడుగు చదరం పారతో కోసి తిరగేసి లెక్కపెట్టండి. తెల్లగా, ఇంగ్లీషు సీ అక్షరంలా ముడుచుకుని ఉంటాయి. ఐదారు ఉంటే ఆరోగ్యంగా ఉన్న లాన్ తట్టుకుంటుంది. పది దాటితే ముందు వాటి సంగతి చూడాలి, లేకపోతే కొత్త గడ్డి వేళ్లు కూడా వాటికే ఆహారం. మా న్యూజెర్సీలో ఇవి ఎక్కువగా జపనీస్ బీటిల్ పిల్లలు. ఆ పురుగు అమెరికాలో మొదటిసారి కనిపించింది కూడా ఇక్కడి రివర్టన్‌లోనే, 1916లో. ఏ మందు వాడాలో కౌంటీ ఎక్స్‌టెన్షన్ వాళ్లను అడగండి. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి.

3. విత్తనం సంచి వెనక చదవండి

సంచి ముందు వైపు బొమ్మను నమ్మకండి. వెనక చిన్న అక్షరాల లేబుల్‌లో మూడు చూడండి. మొలక శాతం 85కి తగ్గకూడదు. కలుపు గింజల శాతం సున్నాకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. పరీక్ష చేసిన తేదీ ఏడాదిలోపు ఉండాలి. ఇంకోటి, "కోటింగ్ మెటీరియల్ 50 శాతం" అని ఉంటే 20 పౌండ్ల సంచిలో గింజ 10 పౌండ్లే. ధర పోల్చేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోండి.

బాగా ఎండ ఉండి, పిల్లలు ఆడే చోట టాల్ ఫెస్క్యూ ఎక్కువగా ఉన్న మిశ్రమం తీసుకోండి. వేరు లోతుకు పోతుంది, నీళ్లు తక్కువైనా నిలబడుతుంది. చెట్ల నీడలో ఫైన్ ఫెస్క్యూ. అసలు ఎండే పడని చోట ఏ గడ్డీ నిలవదు, అక్కడ మల్చ్ వేసుకుని నీడ మొక్కలు పెట్టుకోవడం మేలు.

ఉన్న గడ్డిలో కలిపి చల్లడానికి వెయ్యి అడుగులకు టాల్ ఫెస్క్యూ 4 పౌండ్లు, బ్లూగ్రాస్ 1 నుంచి 1.5 పౌండ్లు సరిపోతాయి. పూర్తిగా బోసిపోయిన చోట దానికి రెట్టింపు. "ఇంకో గుప్పెడు" అనిపిస్తుంది, వేయకండి. ఒత్తుగా మొలిచిన నారు ఒకదాన్నొకటి తొక్కేసుకుని బూజు పడుతుంది. నారుమడి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

4. పొట్టిగా కోసి, శుభ్రం చేయండి (ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మూడో వారం లోపు)

మామూలు రోజుల్లో మూడు, మూడున్నర అంగుళాల ఎత్తు ఉంచాలి, ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. విత్తనం వేసే ముందు మాత్రం రెండు అంగుళాలకు దించండి, గింజకు నేలా ఎండా అందడానికి. ఒకేసారి కాకుండా రెండు మూడు రోజుల తేడాతో రెండు కోతల్లో దించి, కోసిన గడ్డిని సంచిలోకి ఎత్తేయండి. తర్వాత ఇనుప రేక్‌తో ఎండు గడ్డి గీకి తీయండి. మట్టికీ పచ్చదనానికీ మధ్య పేరుకున్న ఎండు పొర అర అంగుళం దాటితే గింజ ఆ పొరలోనే ఆగి ఎండిపోతుంది.

5. నేల గుల్ల చేయండి

తడి నేలలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. చేత్తో నెడితే ఐదారు అంగుళాలు సులువుగా దిగితే ఏరేషన్ ఈ ఏడాది మానేసినా ఫర్వాలేదు. రెండు అంగుళాలకే ఆగిపోతే తప్పదు. కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేటప్పుడు బరువైన యంత్రాలు తిరిగి నేల గట్టిపడిపోతుంది. మనవాళ్ల ఇళ్లు ఎక్కువ అలాంటివే.

యంత్రం "కోర్" రకమే కావాలి, అంటే మట్టిని చిన్న చిన్న ముక్కలుగా బయటికి లాగి పడేసేది. మేకుల్లా గుచ్చేవి, కాళ్లకు కట్టుకునే మేకుల చెప్పులు వద్దు. అవి పక్క మట్టిని ఇంకా నొక్కేస్తాయి. ముందు రోజు నీళ్లు పట్టండి, బురద కాకూడదు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపండి. బయటపడ్డ మట్టి ముక్కలు ఎత్తేయకండి, రెండు వారాల్లో కరిగిపోతాయి.

జాగ్రత్తలు: స్ప్రింక్లర్ తలలు, కుక్క కోసం వేసిన భూమిలోపలి తీగ, పైపైనే పూడ్చిన ఇంటర్నెట్ కేబుల్ ఎక్కడున్నాయో ముందే చిన్న జెండాలు పాతండి. గ్యాస్, కరెంటు లైన్ల గుర్తుల కోసం కొన్ని రోజుల ముందు 811కి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి గీస్తారు. యంత్రం 200 పౌండ్లకు పైనే ఉంటుంది, ఒక్కరే దింపుకోవద్దు. పక్కింటివాళ్లతో కలిసి ఒక పూట అద్దెకు తెచ్చుకుంటే ఖర్చూ శ్రమా రెండూ సగం. మనిషిని పిలిచి చేయిస్తే "కోర్ ఏరేషనేనా, రెండుసార్లు నడుపుతారా" అని ముందే అడగండి.

6. విత్తనం చల్లండి

విత్తనాన్ని సగం సగం చేసుకోండి. సగం తూర్పు పడమరలుగా, మిగతా సగం ఉత్తర దక్షిణాలుగా చల్లితే ఖాళీలు మిగలవు. తర్వాత ఆకుల రేక్‌ను బోర్లించి దాని వెనక వైపుతో తేలిగ్గా లాగండి, గింజ మట్టిలో పావు అంగుళం కలవాలి. ఈ లాగడం మానేసేవాళ్లే ఎక్కువ. గడ్డి మీద పడి, మట్టి తగలని గింజ మొలవదు, మొలిచినా నిలవదు. బోసి మచ్చల మీద పీట్ మాస్ పావు అంగుళం పలచగా కప్పండి. గడ్డివాము ఎండుగడ్డి కప్పితే అందులోని గింజలు కూడా మొలుస్తాయి, చూసుకుని కొనండి.

అదే రోజు స్టార్టర్ ఎరువు. అందులో భాస్వరం ఉంటుంది, కొత్త వేరుకు అది కావాలి. న్యూజెర్సీలో 2011 చట్టం ప్రకారం భాస్వరం మామూలుగా వేయకూడదు. కొత్త గడ్డి వేసేటప్పుడు, పాడైన చోట మళ్లీ వేసేటప్పుడు, లేదా మట్టి పరీక్షలో లోటు తేలితే వేయొచ్చు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. "వీడ్ అండ్ ఫీడ్" (కలుపు మందు కలిపిన ఎరువు) సంచి, క్రాబ్‌గ్రాస్ ప్రివెంటర్ విత్తనంతో కలిపి వాడొద్దు. మొదటి ఇల్లు కొన్న ఏడాది నేను పొద్దున విత్తనం చల్లి, ఎరువే కదా అని మధ్యాహ్నం ఆ సంచి వేశాను. మూడు వారాలు రోజూ నీళ్లు పట్టాను, ఒక్క మొలక రాలేదు. కలుపు గింజను ఆపే మందుకు మన గింజ ఏదో కలుపు ఏదో తెలియదు. వేసవిలో ప్రీ-ఎమర్జెంట్ వేసి ఉంటే ఆ సంచి మీద "విత్తనం వేయడానికి ఎన్ని వారాలు ఆగాలి" అని ఉంటుంది, చూసుకోండి. కొత్త గడ్డిని మూడు నాలుగుసార్లు కోశాకే కలుపు మందు జోలికి వెళ్లాలి.

7. తడి ఆరనివ్వకండి

మొదటి రెండు వారాలు రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు. పై అర అంగుళం ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వేలు గుచ్చి చూడండి: మట్టి వేలికి అంటుకోవాలి, కారకూడదు. గింజ ఉబ్బి, పగిలి, మొలక బయటికి వచ్చే వేళ ఒక్క మధ్యాహ్నం ఎండితే చాలు, అది చచ్చినట్టే. అందుకే టైమర్ అన్నాను. వీకెండ్ ఊరు వెళ్లాల్సి ఉంటే ఆ వారం విత్తనమే వేయకండి.

రై ఐదు నుంచి పది రోజుల్లో, టాల్ ఫెస్క్యూ ఒకటి రెండు వారాల్లో, బ్లూగ్రాస్ రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. మిశ్రమం వేసినవాళ్లు వారానికి పచ్చగా రై కనిపించగానే "వచ్చేసింది" అని నీళ్లు ఆపేస్తారు. అప్పటికి బ్లూగ్రాస్ లోపలే ఉంటుంది. వరసగా నాలుగు వారాలు లెక్కపెట్టుకోండి. మూడో వారం నుంచి తడులు తగ్గించి, ఒక్కో తడి సమయం పెంచండి. ఆ తర్వాత వానతో కలిపి వారానికి ఒక అంగుళం. అంగుళం ఎంతో తెలియాలంటే లాన్‌లో నాలుగు చోట్ల అడుగూ మూతీ ఒకే వెడల్పున్న ఖాళీ డబ్బాలు పెట్టి స్ప్రింక్లర్ ఆన్ చేసి స్కేలుతో కొలవండి. నాలుగింటిలో నాలుగు రకాలుగా ఉంటే స్ప్రింక్లర్ తలలు సరిచేయాలి.

8. మొదటి కోత

కొత్త గడ్డి మూడున్నర, నాలుగు అంగుళాలకు రాగానే మూడుకు కోయండి. అప్పటికి దసరా వచ్చేస్తుంది. ఇంకా లేత కదా అని వదిలేస్తే పొడుగ్గా సాగి పడిపోతుంది. కోస్తేనే పిలకలు వేసి దుబ్బు కడుతుంది. ముందు ఒక చిన్న పరీక్ష: రెండు పోచలు పట్టి మెల్లగా లాగండి. వేరుతో ఊడి వస్తే ఇంకో నాలుగు రోజులు ఆగండి. బ్లేడు పదును పెట్టించండి, నేల పొడిగా ఉన్నప్పుడు కోయండి. తడిలో చక్రం కింద లేత గడ్డి నలిగిపోతుంది.

9. ఆకులు

అక్టోబరు సగం నుంచి మేపుల్, ఓక్ ఆకులు రాలతాయి. పాత గడ్డి మీద పలచగా ఉంటే ఎత్తక్కర్లేదు. మోవర్‌తో రెండుసార్లు నడిపి నలగ్గొడితే నేలలోకే పోతాయి, అదీ ఎరువే. నడిపాక గడ్డి పోచలు కనిపించాలి. కనిపించకపోతే ఆకు ఎక్కువైంది, ఎత్తేయండి. కొత్తగా మొలిచిన చోట మాత్రం ఆకు నిలవనివ్వకండి. తడిసిన ఆకు కింద లేత మొలక రెండు మూడు రోజులకే పసుపెక్కుతుంది. రేక్‌తో గీకితే వేరు కదులుతుంది కాబట్టి బ్లోవర్ తక్కువ స్పీడులో పెట్టి ఊదండి.

10. చివరి ఎరువు (అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారం)

పైకి ఎదుగుదల మందగించినా వేరు పని చేస్తూనే ఉంటుంది. ఇప్పుడు వేసింది స్ప్రింగ్‌లో త్వరగా పచ్చబడటానికి పనికొస్తుంది. లెక్క ఇలా: సంచి మీద 24-0-6 అని ఉంటే నత్రజని 24 శాతం. వెయ్యి అడుగులకు 0.7 పౌండ్ల నత్రజని కావాలంటే 0.7ని 0.24తో భాగించండి, దాదాపు 2.9 పౌండ్ల ఎరువు. మన 6,500 అడుగులకు 19 పౌండ్లు. ఇక్కడా సగం నిలువు, సగం అడ్డం. డ్రైవ్‌వే మీద పడ్డ గుళికలు ఊడ్చి మళ్లీ గడ్డిలోకి వేయండి, లేకపోతే వానకు కాలవలోకి పోతాయి. పెద్ద వాన ముందు వేయొద్దు.

న్యూజెర్సీలో ఇంటివాళ్లు నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా లాన్‌కి ఎరువు వేయకూడదు, అది చట్టం. దీపావళి నవంబరు రెండో వారంలో వచ్చిన ఏడాది పండగ దాకా ఆగకండి, ముందు వారమే ముగించండి. వేరే రాష్ట్రంలో ఉంటే మీ రూల్ చూసుకోండి.

11. నీళ్లు మూసే పని

గడ్డి ఎదుగుతున్నంత కాలం కోస్తూ ఉండండి, చివరి కోతలో రెండున్నర అంగుళాలకు దించండి. పొడుగ్గా వదిలేస్తే మంచు కింద పడుకుని బూజు పడుతుంది. గట్టి చలికి ముందే హోస్‌ని కుళాయి నుంచి ఊడదీయండి. లోపలి వాల్వ్ కట్టేసి, బయటి కుళాయి తెరిచి నీళ్లు దించేయండి. హోస్ తగిలించే ఉంచితే లోపల నీళ్లు గడ్డకట్టి గోడలో పైపు పగులుతుంది. స్ప్రింక్లర్ సిస్టమ్ ఉంటే కంప్రెసర్‌తో ఊదించాలి. ఆ మనుషులు అక్టోబరులో దొరకరు, సెప్టెంబరులోనే బుక్ చేసుకోండి.

తేదీ దాటిపోతే

అక్టోబరు రెండో వారం దాటాక వేసిన గింజ మొలిచినా, వేరు దిగేలోపు చలి కొట్టేస్తుంది. అప్పుడు తొందరపడకండి. ఆకులు ఎత్తడం, కోయడం, చివరి ఎరువు ఇవి చేసుకోండి. బోసి మచ్చలుంటే డిసెంబరు అటూ ఇటూగా, నేల బాగా చల్లబడి ఇక మొలవదు అన్నప్పుడు, మట్టి గీకి విత్తనం చల్లండి. అది అలాగే పడి ఉండి మార్చి, ఏప్రిల్‌లో నేల వేడెక్కగానే మొలుస్తుంది. కొంత గింజ పోతుంది కాబట్టి మామూలు కన్నా పావు వంతు ఎక్కువ వేయండి. నీళ్లు పట్టక్కర్లేదు. ఒకే షరతు: ఆ మచ్చల మీద స్ప్రింగ్‌లో క్రాబ్‌గ్రాస్ మందు వేయకూడదు, అందుకని అవి ఎక్కడున్నాయో గరాజ్ గోడ మీద కొలతల పక్కనే రాసి పెట్టుకోండి.